నేను ఖాళీ చేసిన ఊరు

నేను ఒక ఊరిని ఖాళీ చేశాను. చిక్కడపల్లిలో మా వంటింటి పక్క గదిలో, పంఖా కింద కూర్చుని, అవతల కుక్కర్లో పప్పు ఉడుకుతుండగా, ఒక్క బాల్‌పెన్నుతో చేశాను. మూడో విజిల్ వచ్చేసరికి పని అయిపోయింది. లేచి వెళ్ళి స్టవ్ ఆపి తాలింపు పెట్టుకున్నాను. ఆ పూట పప్పు బాగా కుదిరిందని కూడా గుర్తుంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జాగ్రఫీ చెబుతాను. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలకు. ఇరవై ఏళ్ళు దాటింది. మా తాతగారు రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసుతో పాటే హైదరాబాదు వచ్చి చిక్కడపల్లిలో కిరాయికి దిగారు. మేమింకా అదే గల్లీలో ఉన్నాం. ఇంట్లో ఒక తెలుగు, బయట ఒక తెలుగు, కోపం వస్తే రెండూ కలిసిన తెలుగు మాట్లాడతాను. కోపం తరచుగా వస్తుంది. పిల్లలు నా వెనక నన్ను మిరపకాయ మేడం అంటారని నాకు తెలుసు. అననీ.

నా పాఠం కంటే నా నోట్సుకు పేరు ఎక్కువ. చేత్తో రాస్తాను. కంప్యూటర్ అక్షరాలు కళ్ళలోంచి ఇట్టే జారిపోతాయి, చేతిరాత నిలుస్తుందని నా పిచ్చి. జిల్లాకొక అధ్యాయం. అందులో రాష్ట్రానికి ఒక మూలనున్న అడవి జిల్లా అధ్యాయమంటే నాకు ప్రాణం. జిల్లా పేరు ఇక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. టేకు అడవులు ఎక్కడ చిక్కగా ఉంటాయి, ఎక్కడ పలచబడి పత్తి చేలు మొదలవుతాయి, ఏ వాగు ఏ నదిలో కలుస్తుంది, గోండులు ఏ గుట్టల మీద, కోలాములు ఇంకా పైన ఏ కొసన, లంబాడా తండాలు ఏ దారి వెంట, ఏ మండలంలో మనుషులు ఎక్కువ, ఎక్కడ ఊరికీ ఊరికీ మధ్య అడవే తప్ప ఇంకేమీ లేదు, అన్నీ రాశాను. చదివినవాళ్ళు మేడం ఆ అడవిలోనే పుట్టి పెరిగిందేమో అనుకుంటారు. నా మొహం. ఆ జిల్లాకు నేను జన్మలో ఒక్కసారి వెళ్ళాను, జలపాతం చూడటానికి, మా తోడికోడలి పిల్లలతో. కారు దిగి ఫోటోలు దిగి, పులిహోర తిని వచ్చేశాం. మిగతాదంతా జనాభా లెక్కల పుస్తకాల్లోంచి, పటాల్లోంచి ఏరుకున్నదే.

ఇక దొంగల సంగతి. అశోక్ నగర్‌లో ఎవరు ఏం రాసినా మర్నాటికి జిరాక్స్ షాపులో తేలుతుంది. పొద్దున నేను క్లాసులో పంచిన కాగితాలు సాయంత్రానికి స్పైరల్ బైండింగ్ వేసుకుని, పైన నా పేరున్న పేజీ తీసేసుకుని, టీ బండి పక్కన వేలాడతాయి. అడిగితే మాది కాదంటారు. అందుకని ఇక్కడ నోట్సు రాసేవాళ్ళకు ఒక అలవాటు పుట్టింది. అధ్యాయానికొక అబద్ధం పెడతాం. ఒకాయన కొండ ఎత్తు కొంచెం పెంచుతాడు. ఇంకొకాయన రెండు ఉపనదుల వరస తిప్పేస్తాడు. ఆ అబద్ధం ఎవరి పుస్తకంలో కనిపిస్తే వాడే దొంగ. మన పిల్లలకు నష్టం రాకుండా, పాఠం మొదలుపెట్టిన రోజునే ఫలానా పేజీ, ఫలానా లైను, కొట్టేయండి అని చెప్పి ఎదురుగా గీత కొట్టిస్తాం. డబ్బు కట్టి క్లాసులో కూర్చున్నవాళ్ళకు గీత, దొంగిలించినవాళ్ళకు అబద్ధం. న్యాయంగానే ఉందనుకున్నాను.

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు కదా. నిజాం కాలం నుంచీ మన రెవెన్యూ లెక్కల్లో బేచిరాగ్ గ్రామాలని ఒక మాట ఉంది. దీపం లేని ఊర్లని అర్థం. కాగితం మీద పేరుంటుంది, పొలాలకు నంబర్లుంటాయి, మనిషి మాత్రం ఉండడు. పరీక్షల్లో అడుగుతారు కూడా. ఆ జాబితా రాస్తూ, దొంగను పట్టడానికి ఇదే మంచి చోటు అనుకున్నాను. జనాభా లెక్కల పట్టికలో ఒక మండలం కింద అన్నిటికంటే చివర, అన్నిటికంటే చిన్న అంకె ఉన్న ఒక గోండు గూడెం కనిపించింది. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. ఆ అంకె కొట్టేసి, ఊరి పేరును బేచిరాగ్ జాబితాలో చేర్చాను. అప్పుడే మూడో విజిల్ వచ్చింది.

మా పిల్లలందరి చేతా గీత కొట్టించాను. నెల తిరక్కముందే దొంగ దొరికాడు. సెంటర్ నుంచి రెండు సందుల అవతల జిరాక్స్ షాపు. ఆ షాపతనితో నాకు పదేళ్ళ యుద్ధం. కాగితాలు తీసుకెళ్ళి అతని కౌంటర్ మీద పడేశాను.

"ఇది నా నోట్సు."

"గిది మీదని ఎట్ల చెప్తరు మేడం? పేరు లేదు, ఏం లేదు. చేతిరాతలన్ని ఒక్కతీరుగనే ఉంటయి."

"ఈ ఊళ్ళో మనుషులున్నారయ్యా. లేరని రాసింది లోకంలో నేనొక్కదాన్నే. నీ కాపీలోనూ లేరు. ఇప్పుడు చెప్పు."

అతను ఆ లైను చదివి, నన్ను చూసి, నవ్వేశాడు. "అరె, మీది మామూలు దిమాక్ కాదు మేడం. సరే, తీసేస్త." తీసేశాడు. పది రోజుల తర్వాత మళ్ళీ వేలాడదీశాడు. నేను మళ్ళీ వెళ్ళాను. ఇలా సాగింది.

ఏళ్ళు గడిచాయి. నా అబద్ధానికి కాళ్ళొచ్చాయి. జిరాక్స్ నుంచి ఎవరో గైడులోకి ఎక్కించారు. ఆ గైడు చూసి ఇంకొకరు, అతన్ని చూసి మరొకరు. నారాయణగూడ చౌరస్తాలో ఒక షాపులో గోడకు తగిలించే చార్టులో కూడా ఆ ఊరు బేచిరాగ్ కింద కనిపించింది. నాకేం అనిపించిందో దాచుకోను. గర్వం వేసింది. ఇంటికొచ్చి మా వారికి చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. చుట్టాలొస్తే వాళ్ళకూ చెప్పేదాన్ని. దొంగలందరికీ ఒకేసారి తేలు కుట్టించానని.

మా సెంటర్‌లో ఏటా ఒక పరీక్ష పెడతారు. మొదటి ర్యాంకుకు ఒకే ఒక్క ఉచిత సీటు. ఏడాది పాటు క్లాసులు, హాస్టలు, తిండి, పుస్తకాలు అన్నీ సెంటర్ చూసుకుంటుంది. దాని కోసం అశోక్ నగర్ గదుల్లో ఉన్నవాళ్ళే కాదు, ఊళ్ళ నుంచి బస్సెక్కి వచ్చి రాస్తారు. ఆ ఏడు పేపరు కూర్చింది ఇంకో లెక్చరర్. బజారు గైడుల్లోంచి కూర్చాడు. పరీక్ష రోజు నేను హాల్లో పేపర్లు పంచుతూ ఒకటి తీసి చూస్తే, నలభై ఏడో ప్రశ్న నా అబద్ధమే. కింది వాటిలో జనాభా లేని గ్రామం ఏది? మూడు ఊర్ల పేర్లు, నాలుగోది పైవేవీ కావు. కీలో జవాబు ఆ గూడెమే.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. మీ నోట్సులో మీరే అబద్ధాలు పెడతారా అని అడిగితే ఏం చెప్పాలి? ఒక్క మార్కే కదా, పోనీలే అనుకున్నాను.

ఫలితాలొచ్చాయి. మొదటి ర్యాంకు ఎవరో కొత్త అమ్మాయి. రెండో ర్యాంకు నా విద్యార్థి, మూడేళ్ళుగా నా క్లాసులో ముందు బెంచీ. ముప్పై దాటినవాడు, కాచిగూడలో ముగ్గురితో కలిసి గదిలో ఉంటాడు, వయసు పరిమితి దగ్గర పడుతోంది. ఒక్క మార్కులో పోయింది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చేతిలో నా నోట్సు. కూర్చోమంటే కూర్చోలేదు. పేజీ తీసి నా ముందు పెట్టాడు. గూడెం పేరు మీద స్కేలు పెట్టి కొట్టిన నీలం గీత.

"మీరే కొట్టించిన్రు కద మేడం. అందుకే నేను పైవేవీ కావు అని పెట్టిన. కీ ల అదే ఊరున్నది. డైరెక్టర్ సార్‌కు మీరు జర చెప్పుండ్రి. ఆ ప్రశ్న తీసేస్తే అందరికి ఒక మార్కు కలుపుతరు. ఆ పిల్లకు ఆ మార్కు ముందే ఉన్నది. నేను సమానమైత. సమానమైతే పెద్దోనికి సీటు."

నా మాట విని నిజం పెట్టినవాడికి మార్కు పోయింది. నేను తవ్విన గోతిలో నేను పెంచిన పిల్లవాడే పడ్డాడు. "రేపు పొద్దున్నే మాట్లాడతాను" అన్నాను. నా పరువు పోతే పోయిందని అప్పుడే గట్టిగా అనుకున్నాను కూడా.

మర్నాడు సార్ ఇంకా రాలేదు. స్టాఫ్ రూములో కూర్చుని ఉంటే ఆ మొదటి ర్యాంకు అమ్మాయి కాగితాలు సరిచూయించుకోవడానికి వచ్చింది. ఆ పని నాదే. సన్నగా, నూనె పెట్టి గట్టిగా అల్లిన జడతో, భుజాన బట్టల సంచీతో నిలబడింది. బస్టాండు నుంచి నేరుగా వచ్చినట్టుంది. కూర్చోమన్నాను. డిగ్రీ మెమో చూశాను. కుల ధ్రువపత్రం చూశాను, గోండు. ఆధార్ చూశాను.

చిరునామా దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ చదివాను. మండలం అదే, జిల్లా అదే. ఊరు నాదే. అంటే, నేను చంపిన ఊరు. ఎదురుగా కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద సంచీ పెట్టుకుని. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారైనా, ఆ ఊరి నుంచి ఎవరైనా లేచి నా దాకా వస్తారని నాకు తోచనే లేదు. ఆ షాక్ ఎలాంటిదో ఇంకెలా చెప్పాలో తెలియదు.

"ఇది మీ ఊరా అమ్మా?"

"అవు మేడం."

"ఇప్పుడు... అక్కడ ఎవరైనా ఉంటున్నారా?"

ఎంత తెలివితక్కువ ప్రశ్న. ఆ అమ్మాయి విచిత్రంగా చూసింది. "అమ్మ ఉంటది. అందరున్నరు మేడం."

"మరి నలభై ఏడో ప్రశ్నకు ఏం పెట్టావు?"

తల వంచుకుంది. కాసేపు సంచీ పట్టీ సవరించుకుంది. "మా ఊరే పెట్టిన."

"జనాభా లేదనా?"

"కీ ల అదే ఉంటది కద మేడం. అన్ని పుస్తకాలల్ల అట్లనే ఉన్నది. ఒక్క మార్కు పోతె సీటు పోతది."

తన తల్లి ఉన్న ఊరిని, తను పొద్దున బస్సెక్కి వచ్చిన ఊరిని, ఎవరూ లేరని నల్ల పెన్నుతో గుండ్రంగా దిద్ది వచ్చింది ఈ పిల్ల. ఎక్కడ చదివావని అడిగాను. సంచీలోంచి స్పైరల్ బైండింగ్ తీసింది. అట్ట చిరిగి, అంచులు నల్లబడి, ఎన్నో చేతులు మారినట్టుంది. లోపల నా చేతిరాత. నా 'జ', నా 'ళ', నేను గీసిన నదులు. గూడెం పేరు మీద గీత లేదు. ఎలా ఉంటుంది? గీత క్లాసులో కూర్చున్నవాళ్ళకే కదా.

"మా సీనియర్ అక్క ఇచ్చింది మేడం. గిది ఎవరు రాసిన్రో తెల్వదు, ఎవరో మంచిగ రాసిన్రు. రెండేండ్ల సంది ఇదొక్కటే చదివిన. మా జిల్లా గురించి నాకు తెల్వనివి కూడ దీన్ల నుంచే నేర్సుకున్న."

"నేనే రాశాను" అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. దొంగలు, జిరాక్సులు, అధ్యాయానికొక అబద్ధం, గీత, అంతా చెప్పేశాను. చెబుతూ ఉంటే నా మాటలు నాకే అసహ్యంగా వినిపించాయి. ఆ అమ్మాయి అంతా విన్నాక, "అంటే కావాలనే పెట్టిన్రా మేడం? తప్పు పడలేదా?" అంది.

"కావాలనే."

"నేను తప్పు పడ్డదనుకున్న." తర్వాత తనే చెప్పింది. "ఫస్టు టైం దీన్ని ఇంటికి తీసుకపోయినప్పుడు అమ్మ అడిగింది, మన ఊరి గురించి ఏం రాసిన్రు చదువు అని. పక్కింటోళ్ళు కూడ వచ్చి కూసున్నరు. వాగు గురించి చదివిన, గుట్టల గురించి చదివిన. ఆ లైను కాడికి వచ్చినంక ఆపిన. మన ఊరి పేరు కూడ ఉన్నది అని చెప్పిన. అబద్ధం గాదు కద మేడం, పేరైతే ఉన్నది. అమ్మ చాన సంబురపడ్డది. ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చూసింది."

నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఆ పిల్ల నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అంత సిగ్గుమాలిన పని చేయదలుచుకోలేదు. సార్ రాగానే జరిగింది చెప్పి ప్రశ్న తీసేయిస్తానని చెప్పాను.

"తీసేస్తే ఏమైతది?"

చెప్పాను. రెండో అతనికి మార్కు కలుస్తుందని, సమానమైతే వయసులో పెద్దవాడికి సీటు వెళ్తుందని.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. "వద్దు మేడం. ఉండనియ్యుండ్రి. మా ఊర్ల ఎవరు లేరనే ఉండనియ్యుండ్రి."

బతికినన్నాళ్ళు ఆ మాట నా చెవుల్లోంచి పోదు. నేను కంగారుగా ఏదేదో అన్నాను. సీటు పోతే మా ఇంట్లో ఉండు, నేను చదువు చెబుతాను, తిండీ బట్టా నా బాధ్యత, ఇదే నా మాట అన్నాను. ఆ అమ్మాయి కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. సంతలో బేరం చూసినట్టు నెమ్మదిగా చూసింది.

"మీ మాట ఎట్ల నమ్మాలె మేడం? మీరు పుస్తకంలనే అబద్ధం రాసిన్రు."

కాగితాల మీద సంతకం పెట్టి ఇచ్చేశాను. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

తర్వాత నేను సార్ గదిలోకి వెళ్ళాను. ఆ పిల్ల వద్దంది, నిజమే. కానీ కాచిగూడ గదిలో ఇంకొకడు నా మాట కోసం కూర్చుని ఉన్నాడు. మింగలేక కక్కలేక మెట్ల మీద ఎంతసేపు నిలబడ్డానో. చివరికి చెప్పాను. సార్ మంచివాడే. నిదానంగా విన్నాడు. విని, అలమారలోంచి గైడులు తీసి బల్ల మీద పరిచాడు. అన్నిట్లోనూ ఆ పేజీలు తీశాడు.

"చూడుండ్రి మేడం. ఇన్ని పుస్తకాలల్ల లేరనే ఉన్నది. మీరొక్కరు ఉన్నరంటున్నరు. కీ ఎట్ల మార్చాలె?"

"సార్, వీళ్ళందరూ నా దగ్గర్నుంచి ఎత్తినవాళ్ళే. ఆ అబద్ధం పుట్టించిందే నేను."

"నేను నమ్ముత మేడం. కని మీ మాట తోని కీ మారదు. సబూత్ కావాలె."

పాత జనాభా లెక్కల పట్టిక చూపించాను. "గది పాతది. తర్వాత ఖాళీ అయిందేమో" అన్నాడు. ఇక నా దగ్గర మిగిలింది ఒక్కటే. చెప్పకూడదని తెలిసీ నోరు జారాను. "ఆ ఊరి పిల్లే మన దగ్గరుంది సార్. మొదటి ర్యాంకు ఆ అమ్మాయిదే. ఆధార్ చూడండి."

ఆయన ఆధార్ చూశాడు. ఆశ్చర్యపోయాడు కూడా. తర్వాత ఆ అమ్మాయి జవాబు పత్రం తెప్పించాడు. నలభై ఏడు మీద వేలు పెట్టి నా వైపు తిప్పాడు.

"ఆ ఊరి పిల్లనే ఎవరు లేరని పెట్టింది మేడం. ఇంక మీరు నేను ఎవరం చెప్పెటందుకు?"

ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. పైగా ఇంకో మాట కూడా అన్నాడు, రేపు అసలు పరీక్షలో ఇదే అడిగితే మన పిల్లల మార్కు పోగొట్టుకుందామా అని. అబద్ధం పెట్టడానికి నాకు మూడు విజిల్స్ పట్టింది. వెనక్కి తీసుకోవడానికి, పెట్టినదాన్ని నేనే అయినా, నాకు హక్కు లేదట.

కాచిగూడ అతనికి ఫోన్ చేసి చెప్పాను. "పోనియ్యుండ్రి మేడం, ఆ రోజు గీత కొట్టకుంటె అయిపోతుండె" అన్నాడు. ఆ నెలాఖరుకు గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయాడని అతని రూమ్మేటు చెప్పాడు. నేను ఫోన్ చేస్తే ఎత్తుతాడు, మర్యాదగా మాట్లాడతాడు, పెట్టేస్తాడు.

జిరాక్స్ షాపుకూ వెళ్ళాను. ఈసారి పోట్లాటకు కాదు. స్టూలు అడిగి కూర్చుని, అతని దగ్గరున్న ప్రతి కాపీలో ఆ లైను నా చేత్తో కొట్టేశాను. అతను పని ఆపి చూస్తూ నిలబడ్డాడు. "ఏమైంది మేడం, పరేషాన్‌గ ఉన్నరు?" అని టీ తెప్పించాడు. సంగతి చెప్పాను. అతని మొహంలోంచి నవ్వు పోయింది. "నేనే కద మేడం వాళ్ళకు అమ్మింది" అన్నాడు. తర్వాత, "గీడ కొట్టిన్రు సరే. అశోక్ నగర్‌ల ఎన్ని షాపులున్నయి మేడం?" అని మెల్లగా అడిగాడు.

రెండు నెలల తర్వాత క్లాసులో ఆ అడవి జిల్లా వంతు వచ్చింది. హాలు నిండా పిల్లలు. ఆ అమ్మాయి మూడో వరసలో కిటికీ పక్కన. సెంటర్ వాళ్ళిచ్చిన కొత్త పుస్తకాలున్నా ఆ చిరిగిన స్పైరలే ముందు పెట్టుకుంది. నేను ఆ అమ్మాయి వైపు చూడకుండా చెప్పాను. ఫలానా పేజీ, ఫలానా లైను తప్పు. నేనే కావాలని పెట్టిన తప్పు. ఆ ఊళ్ళో మనుషులున్నారు. కొట్టేయండి. స్కేళ్ళు పెట్టిన చప్పుడు వినిపించింది. వెనక నుంచి ఎవరో అడిగారు. "ఎంతమంది మేడం? జనాభా రాసుకుంటం."

పాత పట్టికలో అంకె నాకు కంఠతా వచ్చు. కానీ ఆ అంకెను కొట్టేసిన చెయ్యి నాది. "నాకు తెలియదు" అన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి లేచింది. తను ఆ ఊరిదని అప్పటిదాకా క్లాసులో ఎవరికీ తెలియదు. ఎవరి వైపూ చూడకుండా, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, ఒక్కొక్క ఇల్లే చెప్పుకొచ్చింది. వాగు దిక్కు మొదటి ఇల్లు, పటేల్ ఇల్లు, ఇంత మంది. దాని పక్కన ఇద్దరు ముసలోళ్ళు. బోరింగు కాడ ఇల్లు, మొన్ననే ఒక పాప పుట్టింది, పేరు ఇంకా పెట్టలేదు. దాన్ని కూడ రాసుకోవాలెనా మేడం? రాసుకోవాలమ్మా అన్నాను. చివరి ఇల్లు మాది, అమ్మ ఒక్కతే. నేను హాస్టల్‌ల ఉన్న, నన్ను వదిలేయుండ్రి. నేను బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయాను. కింద గీత గీసి అన్నీ కలిపాను. ఎంతొచ్చిందో ఇక్కడ రాయను. ఆ ఊరి గురించి మళ్ళీ కాగితం మీద అంకె పెట్టే ధైర్యం నాకు లేదు.

అందరూ ఎక్కించుకున్నారు. అప్పుడు ముందు బెంచీలోంచి ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. వెటకారం కాదు పాపం, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"మేడం, రేపు ఎగ్జామ్‌ల వస్తే ఏది పెట్టాలె?"

అందరూ నా వైపు చూశారు. చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయాను. బోర్డు మీద ఊరంతా ఉంది, పేరు పెట్టని పాపతో సహా. నిజం పెట్టమంటే ఏమవుతుందో కాచిగూడ వెళ్ళి అతను ఖాళీ చేసిన గది చూసి రావచ్చు. అబద్ధం పెట్టమని ఎలా చెప్పను?

ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. నా వైపు ఒకసారి చూసి, ఆ పిల్లవాడి వైపు తిరిగింది.

"ఎవరు లేరనే పెట్టుండ్రి" అని చెప్పి కూర్చుంది.

అందరూ తలలు వంచి అది కూడా రాసుకున్నారు.